సీమ చెరువుల్లో ఫ్లై ఫిషింగ్: తొలి విసురు నుంచి ఫ్లై ఎంపిక దాకా

మామూలు గాలంలో బరువు కొసన ఉంటుంది. సీసం గుండో, పిండి ముద్దో కడితే దాని బరువుకే దారం సాగిపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కొసన ఉండేది ఈకలూ దారమూ కలిపి హుక్‌కు చుట్టిన ఫ్లై. దానికి చెప్పుకోదగ్గ బరువే ఉండదు. బరువంతా ప్లాస్టిక్ పూతతో లావుగా ఉండే లైన్‌ది. మీరు విసిరేది లైన్‌ను. ఫ్లై దాని వెంట పోతుంది. రాడ్ ఎంపిక, ముడులు, చేతి కదలిక అన్నీ దీన్నిబట్టే ఉంటాయి.

దొరికే పాఠాల్లో చాలా భాగం ట్రౌట్ చేప కోసం చెప్పినవి. ట్రౌట్ మన దేశంలో కాశ్మీరు, హిమాచల్, నీలగిరుల చల్లటి వాగుల్లో ఉంటుంది. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో మనకున్నవి తుంగభద్ర, హంద్రి, పెన్న, కుందూ, కె.సి. కాలువ, మైలవరం, గండికోట, బ్రహ్మంసాగర్, మిడ్ పెన్నార్, వీటితోపాటు లెక్కలేనన్ని చెరువులూ కుంటలూ. నీళ్ళు వెచ్చన, చాలా చోట్ల నిలవ, సగం ఏడాది మడ్డి, పైన గాలి. అందుకని ట్రౌట్ పాఠంలో నాలుగింటిని మార్చుకోవాలి: లైన్ రకం, లీడర్ (లైన్‌కూ ఫ్లైకీ మధ్య కట్టే నైలాన్ దారం) మందం, ఫ్లై, చేప పట్టినప్పుడు లాగే తీరు.

ముందు అడగాల్సినవాళ్ళు

ఊరి చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానికో, పాట పాడుకున్నవాళ్ళకో ఉంటుంది. వాళ్ళు పిల్లలు వదిలి పెంచుకున్న చేపలు అవి. సంఘం పెద్దను అడిగి, పట్టినవి వదిలేస్తామని చెబితే చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఇంకో చెరువు చూసుకోవాలి. రిజర్వాయర్ల సంగతి జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కోండి. శ్రీశైలం వెనక జలాల్లో కొంత భాగం పులుల అభయారణ్యంలోకి వస్తుంది, అక్కడ అటవీశాఖ మాటే చెల్లుతుంది. కోనేళ్ళ జోలికి పోవద్దు.

సామాను

మొదటి రాడ్ 9 అడుగులు, 6 నంబరు, 4 ముక్కలది తీసుకోండి. నంబరు అంటే రాడ్ మోయగల లైన్ బరువు. 6 నంబరు లైన్ మొదటి 30 అడుగులు సుమారు 10.4 గ్రాములు తూగుతాయి. 5 నంబరు దాదాపు 9 గ్రాములే కాబట్టి అనంతపురం గాలికి నిలవదు. 8 నంబరు 13.6 గ్రాములు; కొర్రమీనుకు బాగుంటుంది కానీ కొత్తవాళ్ళ మణికట్టు అరగంటకే నొప్పెడుతుంది. రాడ్ మరీ బిరుసుగా ఉంటే లైన్ బరువు చేతికి తెలియదు, నేర్చుకోవడం ఆలస్యమవుతుంది. అందుకే మధ్యరకంగా వంగేది మేలు.

డబ్బు ఆదా చేయాలంటే రీల్ మీద చేసుకోండి, లైన్ మీద కాదు. మన చేపల్లో ఎక్కువ వాటిని చేత్తో లైన్ గుంజే ఒడ్డుకు తెస్తాం. రీల్ పని లైన్ దాచడమే. లైన్ విషయంలో మాత్రం ఒక తప్పు తరచూ జరుగుతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవి చాలావరకు చల్లటి దేశాల కోసం చేసినవి. మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటితే వాటి పూత మెత్తబడి జిగటగా మారుతుంది, రాడ్ రింగుల్లో అతుక్కుని సాగదు. తప్పు విసురులో ఉందనుకుని కొత్తవాళ్ళు నెలల తరబడి అవస్థపడతారు. పెట్టె మీద ‘వార్మ్ వాటర్’ లేదా ‘ట్రాపికల్’ అని ఉందో లేదో చూసి కొనండి. ‘వెయిట్ ఫార్వర్డ్’, ‘ఫ్లోటింగ్’ అని కూడా ఉండాలి: ముందు భాగం లావుగా ఉండి, నీటి మీద తేలేదని అర్థం. నిమ్మపండు రంగో నారింజ రంగో తీసుకుంటే గాలిలో లైన్ ఎలా పోతోందో కంటికి కనిపిస్తుంది.

లైన్ వెనక, రీల్‌కు ముందుగా చుట్టే 20 పౌండ్ల డేక్రాన్ దారం (బ్యాకింగ్) 50 నుంచి 75 మీటర్లు చాలు. లైన్ ముందు లీడర్ ఉంటుంది. కొన్న లీడర్ ఖరీదు, పైగా మన కంపచెట్లకు వారానికొకటి బలి. గాలాల అంగట్లో దొరికే నైలాన్ చుట్టలతోనే కట్టుకోవచ్చు. లైన్ వైపు నుంచి 0.50 మి.మీ. 130 సెం.మీ., తర్వాత 0.40 మి.మీ. 40 సెం.మీ., 0.33 మి.మీ. 25 సెం.మీ., చివర 0.28 మి.మీ. 40 సెం.మీ. మొత్తం దాదాపు ఏడున్నర అడుగులు. లావు నుంచి సన్నానికి ఇలా మెట్లుగా దిగితేనే లైన్‌లోని ఊపు ఫ్లై దాకా చేరుతుంది. ఒకే మందం నైలాన్ కడితే కొసన కుప్పపడుతుంది. చివరి ముక్కను టిప్పెట్ అంటారు. ఫ్లై మార్చినప్పుడల్లా అరిగేది ఇదే, కాబట్టి దీని చుట్ట ఎప్పుడూ జేబులో ఉండాలి.

కళ్ళద్దాలు, అంచున్న టోపీ సామానులో భాగమే. హుక్ గంటకు పదుల కిలోమీటర్ల వేగంతో చెవి పక్కనుంచి పోతుంది.

బిగించడం, ముడులు

రాడ్ ముక్కలు కలిపేటప్పుడు రింగులను కొంచెం పక్కకు పెట్టి దోపి, చివర్లో పావు చుట్టు తిప్పి వరసకు తెండి. అలా కాకుండా నేరుగా దోపితే విసురుతున్నప్పుడు వదులై పైముక్క నీళ్ళలోకి ఎగిరిపోతుంది. లైన్‌ను రింగుల్లోంచి దూర్చేటప్పుడు కొసను కాకుండా, రెండు మడతలు చేసిన లైన్‌ను దూర్చండి. చెయ్యి జారినా అది వెనక్కి పడిపోకుండా రింగులో ఆగుతుంది. రీల్ నుంచి 12 మీటర్లు లాగి, ఒక్కో బారను రెండు చేతుల మధ్య నెమ్మదిగా సాగదీయండి. రీల్ మీద పడిన ముడతలు పోతాయి.

ముడులు నాలుగు వస్తే పని జరుగుతుంది. నైలాన్ ముక్కలు కలపడానికి సర్జన్ ముడి: రెండు కొసలను 15 సెం.మీ. పక్కపక్కన పెట్టి, కలిపి ఒక ఉచ్చు చేసి, రెండూ అందులోంచి మూడుసార్లు దూర్చి నాలుగు కొసలూ ఒకేసారి లాగాలి. లీడర్ వెనక కొసన పర్ఫెక్షన్ లూప్, దాన్ని లైన్ కొసనున్న లూప్‌తో గొలుసు కట్టడం. ఈ రెండు లూపులు బిగిశాక చదరంగా కూర్చోవాలి. ఒకటి ఇంకోదాని మెడ నులిమినట్టుంటే విప్పి మళ్ళీ వేయండి, లేకపోతే లైన్ పూత కోసుకుపోతుంది. చిన్న ఫ్లైలకు క్లించ్ ముడి: హుక్ కంట్లోంచి (కాడ కొసనున్న రంధ్రంలోంచి) దారం తీసి, అసలు దారం చుట్టూ 5 చుట్లు తిప్పి, కంటి పక్కన ఏర్పడిన సందులోంచి కొస దూర్చి, ఆ కొసను మళ్ళీ ఇప్పుడే ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి తీసి లాగాలి. నీళ్ళలో చేపలా ఈదాల్సిన పెద్ద ఫ్లైలకు మాత్రం బిగవని లూప్ ముడి. క్లించ్ ముడి ఫ్లై తలను పట్టేసి దాని కదలికను చంపేస్తుంది.

ఏ ముడినైనా ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ నెరిసి, పెద్ద చేప పడినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది.

విసరడం

నీళ్ళ దగ్గరికి పోకముందు పది రోజులు, రోజుకు 20 నిమిషాలు, గడ్డి ఉన్న మైదానంలో సాధన చేయండి. వేరుశనగ పీకేసిన చేను ఖాళీగా, ఊరించేలా ఉంటుంది కానీ ఎర్రమట్టి గరుకు లైన్ పూతను తినేస్తుంది. గడ్డి దొరక్కపోతే కాయలు ఆరబెట్టే టార్పాలిన్ పట్ట పరుచుకోండి. ఫ్లై బదులు ఎర్ర ఉన్ని పోగు 2 సెం.మీ. కట్టండి.

మొదట రాడ్ బయట 6 మీటర్ల లైన్ మాత్రమే ఉంచండి.

1. బొటనవేలు రాడ్ పిడి మీద, రాడ్ కొస నేల దగ్గర. లైన్‌లో వదులు లేకుండా ఎడమచేత్తో గుంజండి. వదులు ఉంటే రాడ్ ప్రయాణంలో సగం ఆ వదులు లాగడానికే పోతుంది.

2. మోచేతి నుంచి రాడ్‌ను పైకెత్తుతూ వేగం పెంచి, కొస గడియారంలో ఒంటిగంట దగ్గరికి రాగానే టక్కున ఆపండి. వెనక్కి వాల్చకండి. లైన్‌ను పంపేది ఈ ఆగడమే.

3. లైన్ వెనకాల పూర్తిగా విప్పుకునేదాకా ఆగండి. తల తిప్పి చూడండి, అది తప్పేమీ కాదు. 6 మీటర్లకు ఒక క్షణం, 12 మీటర్లకు ఇంచుమించు రెట్టింపు.

4. ముందుకు తెస్తూ మళ్ళీ వేగం పెంచి, గోడకు మేకు కొట్టి సుత్తిని ఆపినట్టు పది గంటల దగ్గర ఆపండి. లైన్ ముందుకు విప్పుకున్నాక రాడ్ కొసను నెమ్మదిగా దించండి.

ఇది కుదిరాక ఎడమచేతిలో రెండు మీటర్ల వదులు లైన్ పట్టుకుని, ముందు ఆగిన తర్వాత వదలండి. ఆగకముందే వదిలితే ఊపంతా పోతుంది. లైన్ పొడుగు పెరిగేకొద్దీ రాడ్ తిరిగే మేరా పెరగాలి. 12 మీటర్లు చక్కగా పడితే మన చెరువు ఒడ్డు చేపల్లో ఎక్కువ భాగం అందుబాటులోకి వచ్చినట్టే. 20 మీటర్ల మోజు తర్వాత తీర్చుకోవచ్చు.

తప్పులను చెవితో, కంటితో కనిపెట్టొచ్చు. వెనక కొరడా చప్పుడు వచ్చిందంటే లైన్ విప్పుకోకముందే ముందుకు లాగారు, కొసన ఫ్లై ఉందో ఊడిందో చూసుకోండి. వెనక నేలకు తగులుతోందంటే మణికట్టు విరుస్తున్నారు. రాడ్ పిడి చివరను చొక్కా చేతి అంచులోకి దోపి విసిరితే మణికట్టు అదుపులో ఉంటుంది. లైన్ గాలిలో తనను తాను దాటి లీడర్‌లో చిన్న ముడులు పడుతున్నాయంటే ముందు విసురు మొదట్లోనే బలం గుప్పించేశారు. బలం చివర్లో రావాలి. ఆ ముడి పడిన నైలాన్ సగం బలం కోల్పోతుంది, బద్ధకించకుండా కత్తిరించి కొత్త టిప్పెట్ కట్టండి. ముందు లైన్ కుప్పగా పడుతోందంటే చాలాసార్లు కారణం వెనక ఉంటుంది: వెనక విసురు నేల వైపు పోతే ముందు విసురు ఆకాశం వైపు పోతుంది.

ఇక కట్ట సమస్య. చెరువు కట్టకు నీళ్ళ వైపు రాతి పేర్పు ఉంటుంది. కింద నిలబడి మామూలుగా విసిరితే వెనక ఫ్లై రాళ్ళకు కొట్టుకుని మొన విరుగుతుంది, మీకు తెలియదు. చేపలు వరసగా తగిలి పోతున్నాయంటే ముందు మొన చూడండి. కట్ట దగ్గరా, గండికోట వైపు నిట్టనిలువు బండల కిందా, వెనక సర్కారు తుమ్మ ఉన్నచోటా రోల్ విసురే దిక్కు. లైన్ నీటి మీద పరిచి ఉండగా రాడ్‌ను నెమ్మదిగా వెనక్కి తెచ్చి చెవి దగ్గర, కొంచెం బయటికి వాల్చి ఆపండి. లైన్ రాడ్ కొస నుంచి భుజం వెనక వేలాడి, మిగతాది నీళ్ళలో నిశ్చలంగా ఆగేదాకా చూడండి. అప్పుడు ముందుకు వేగంగా కొట్టి ఎత్తులో ఆపితే లైన్ చుట్ట విప్పుకుంటూ పోతుంది. ఇది నేల మీద కుదరదు. నీరు లైన్‌ను పట్టి ఉంచే పట్టే దీనికి బలం.

గాలి గురించి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి రోజంతా కొడుతుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళు చెరువు దక్షిణపు ఒడ్డున ఉత్తరం వైపు తిరిగి నిలబడితే గాలి ఎడమ నుంచి వచ్చి లైన్‌ను ఒంటికి దూరంగా నెడుతుంది. ఉత్తరపు ఒడ్డున నిలబడితే అదే గాలి హుక్‌ను మొహం మీదికి తెస్తుంది. అప్పుడు రాడ్‌ను తల మీదుగా ఎడమ భుజం పైకి వాల్చి విసరాలి. చిక్కేమిటంటే పురుగులూ నాచూ కొట్టుకుపోయి చేరేది తూర్పు ఒడ్డుకు, చేపలూ అక్కడే చేరతాయి. అక్కడ గాలి ఎదురు. లీడర్‌ను ఆరు అడుగులకు కుదించి, వెనక విసురు ఎత్తుగా, ముందు విసురు నీటికి దగ్గరగా కొట్టండి. 8 మీటర్లే పడినా ఫర్వాలేదు, చేపలు కాళ్ళ దగ్గరే ఉంటాయి.

ఒక హెచ్చరిక: రాడ్ కార్బన్‌ది, కరెంటును పట్టుకుంటుంది. చెరువు కట్టల వెంట వ్యవసాయ మోటార్ల తీగలు చాలా చోట్ల కిందికి వేలాడుతుంటాయి. తీగ కింద విసరడం, రాడ్ నిలబెట్టి నడవడం రెండూ వద్దు. ఉరుము వినిపించిన వెంటనే రాడ్ కింద పెట్టేయండి.

ఏ ఫ్లై

అంగడిలో చూస్తే రంగు కంటికి ఇంపుగా ఉన్నది కొంటాం. చేప చూసేది వేరు. వరస ఇది: మొదట ఫ్లై ఏ లోతులో ఉంది, తర్వాత ఎంత సైజు, తర్వాత ఎలా కదులుతోంది, ఆఖరున రంగు. చేపలు పట్టనప్పుడు ఈ వరసలోనే మార్చాలి. రంగులే మార్చుకుంటూ పోతే పొద్దు గూకుతుంది.

హుక్ నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది: 14 చిన్నది, 4 పెద్దది. అది దాటాక 1/0, 2/0 ఇంకా పెద్దవి. 12–14 నంబర్లకు టిప్పెట్ 0.18 మి.మీ., 8–10 కి 0.23, 4–6 కి 0.28. పెద్ద ఫ్లైని సన్న దారానికి కడితే విసురులో గింగిరాలు తిరిగి దారం మెలిపడుతుంది. చిన్న ఫ్లైని లావు దారానికి కడితే కొయ్యలా కదలకుండా పడి ఉంటుంది.

ఆరు రకాలు, ఒక్కోటి మూడు చొప్పున పెట్టుకుంటే మూడు జిల్లాల్లో ఎక్కడికైనా పోవచ్చు.

వూలీ బగ్గర్, 8 నంబరు, నలుపూ ముదురు ఆకుపచ్చా. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో రస్సెల్ బ్లెస్సింగ్ కట్టినది. జలగలా, చేపపిల్లలా, తూనీగ పిల్లపురుగులా, దేనిలాగైనా కనబడుతుంది. ఒక్క ఫ్లైతోనే నేర్చుకోవాలంటే ఇదే.

హేర్స్ ఇయర్ నింఫ్, 12 నంబరు, మట్టిరంగు. నింఫ్ అంటే నీటి పురుగు పిల్లలా కనబడే ఫ్లై. తిలాపియాకు, పరిగెలకు. తిలాపియాను చాలా చోట్ల జిలేబీ చేప అంటారు. ఆఫ్రికా చేప ఇది, మన దేశానికి 1952లో తెచ్చారు, ఇప్పుడు లేని నీళ్ళు లేవు. లోతు తక్కువ ఒడ్డున ఇసుకలో గుండ్రటి గుంటలు కనిపిస్తే అవి దాని గూళ్ళు. గూటికి అడుగు అవతల వేసి, మునగనిచ్చి, గూటి మీదుగా అంగుళం అంగుళం జరపండి. ఆకలికి కాదు, గూడు కాపాడుకోవడానికి నోట పట్టి అవతల పడేస్తుంది. ఆ పట్టు అర క్షణమే, అందుకే లైన్ కొసను చూస్తూ ఉండాలి. కొత్తవాళ్ళకు ఇంతకన్నా మంచి గురువు లేదు. పట్టింది వండుకున్నా చెరువుకు నష్టం లేదు.

వానపాము ఫ్లై, అంటే సాన్ హువాన్ వర్మ్, 10 నంబరు, ఎరుపు. బంగారు తీగ చేప బురదలో మూతి పెట్టి తింటుంటే నీళ్ళు అక్కడక్కడ మసకబారి బుడగలు వస్తాయి. ఫ్లైని దాని తల ముందు రెండు అడుగుల దూరంలో వేసి, అడుగుకు దిగనిచ్చి, కదపకుండా ఉంచండి. తల మీద వేస్తే పారిపోతుంది, వెనక వేస్తే చూడదు.

ఫోమ్ బీటిల్, 10 నంబరు, నలుపు లేదా గోధుమరంగు. ఇది నీటి మీద తేలే పురుగు. తొలకరి తర్వాత ఉసిళ్ళు లేచే సాయంత్రం దీని అసలు పని. రెక్కలు రాల్చుకుంటూ ఉసిళ్ళు నీళ్ళ మీద పడుతుంటే అడుగున తినే చేపలు కూడా పైకొస్తాయి. వేరుశనగ చేలు ఆనుకుని ఉన్న కుంటల్లో, ఒడ్డు గడ్డిలో మిడతలు ఎగిరే రోజుల్లో కూడా ఇదే. వేసి, అలలు చల్లారేదాకా ఆగి, ఒక్కసారి చిన్నగా కదిపి మళ్ళీ ఆగండి. తెల్ల ఫోమ్‌తో కట్టినది ఒకటి పెట్టుకుంటే వంతెనల దగ్గర జనం బొరుగులు వేసే చోట రోహు, బొచ్చె కూడా అప్పుడప్పుడు నోరు తెరుస్తాయి. మామూలుగా బొచ్చె కంటికి కనిపించనంత చిన్న జీవులను జల్లెడ పట్టి తింటుంది, దాని కోసం రోజంతా ఫ్లై వేయడం దండగ.

క్లౌజర్ మినో, 4 లేదా 6 నంబరు, తెలుపు మీద ఆకుపచ్చ. కళ్ళ దగ్గర లోహపు గుండ్లు ఉండటంతో తల కిందికి దిగి, గుంజినప్పుడు పైకి లేస్తుంది. హుక్ మొన పైకి తిరిగి ఉంటుంది కాబట్టి అడుగు రాళ్ళకు తక్కువ తగులుకుంటుంది. తూముల కింద, కె.సి. కాలువ లాకుల దిగువన, చెరువు మరవ పారే చోట తెల్లనురుగు అంచున వేయండి. వాలుగ ఇక్కడే కాపు కాస్తుంది. దాని పళ్ళకు టిప్పెట్ చివర 0.45 మి.మీ. నైలాన్ జానెడు కలపండి. లోహపు గుండ్లతో తల వెనక తగిలితే గాయమే. దీన్ని విసిరేటప్పుడు నెమ్మదిగా, వెడల్పు చుట్టతో పంపాలి.

కప్ప పాపర్, అంటే నీటి మీద తేలే కప్పలాంటి ఫ్లై, 2 లేదా 1/0, హుక్ మొనకు నైలాన్ అడ్డు కట్టినది. కొర్రమీను కోసం. కొర్రమీను గాలి పీల్చడానికి కొంతసేపటికొకసారి పైకి వస్తుంది, ‘గుళుక్’మని బుడగ వదిలి దిగుతుంది. తామరాకులు, తుంగ సందుల్లో ఆ బుడగ చూసి, దానికి మీటరు అవతల వేసి, ఆకు మీదికి లాగి, ఆకు అంచు నుంచి నీళ్ళలోకి జారనిచ్చి ఆపండి. లీడర్ 0.40 మి.మీ. నైలాన్ 5 అడుగులు ఒకే ముక్క. ఇక్కడ నాజూకు అవసరం లేదు. నీళ్ళు పగిలి కప్ప మాయమైన వెంటనే లాగితే ఫ్లై ఒట్టిగా ఎగిరి వస్తుంది. లైన్‌లో బరువు తెలిసేదాకా ఓర్చుకుని అప్పుడు గట్టిగా గుంజండి. వానల కాలంలో నీటిపైన నారింజ రంగు పిల్లల గుంపు కనిపిస్తే కిందనే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ సమయంలో ఏది వేసినా మీద పడతాయి. వేయకండి. వాటిని తీసేస్తే ఆ గుంపు మొత్తం సాయంత్రానికి పరిగెల పాలు.

నీటి రంగును బట్టి రంగు: తేటగా ఉంటే మట్టిరంగు, ఆకుపచ్చ, తెలుపు, మడ్డిగా ఉంటే నలుపు. మడ్డిలో మెరుపు కాదు, నల్లటి నీడ కనిపిస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా తుంగభద్ర వరద నీటిలో ఫ్లై వేయడం శుద్ధ దండగ, ఆ నెలల్లో కుంటలు చూసుకోండి. హంద్రీనీవా నీళ్ళు వదిలినప్పుడు జీడిపల్లి వంటి చోట్ల, చెరువుల్లో నీరు వచ్చి చేరే నోటి దగ్గర చేపలు గుమిగూడతాయి. మడ్డి నీరు తేట నీటితో కలిసే గీత వెంట వేయండి. అన్నిటికన్నా మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. చలి ఉదయాల్లో తొందరపడక్కర్లేదు, ఎండ నీటిని తాకిన తర్వాత, తొమ్మిది గంటలప్పుడు మొదలవుతుంది. మార్చి నుంచి మే దాకా తెల్లవారి ఎనిమిదింటికల్లా ముగించాలి. నడి ఎండలో నీళ్ళు వేడెక్కి, పట్టి వదిలిన చేప కూడా బతకడం కష్టం.

ఇంట్లో వూలీ బగ్గర్ కట్టడం

8 నంబరు పొడుగు కాడ హుక్‌ను చిన్న వైస్‌లో (బల్లకు బిగించే పట్టులో) బిగించండి. పటకారుతో ఎదురుముల్లును ముందే నొక్కేయండి. కట్టాక నొక్కితే మొన విరిగినప్పుడు పనంతా వృథా.

కంటి వెనక నుంచి వంపు దాకా నల్ల దారం పక్కపక్కగా చుట్టండి. వట్టి హుక్ మీద కట్టిన ఈక చుట్టూ తిరిగిపోతుంది, ఈ దారపు పరుపే దాన్ని పట్టి ఉంచుతుంది. మునగాలంటే కాడ మధ్యలో సన్నటి సీసం తీగ 8 చుట్లు. తోకకు నాటుకోడి పొట్ట కింది మెత్తటి ఈకలు ఒక చిటికెడు, కాడ పొడవంత. ఇంతకన్నా పొడుగైతే చేప తోక కొరికి పోతుంది, హుక్ అందదు. తోకకు రెండు వైపులా జరీ పోగులు రెండేసి కట్టండి. ధర్మవరం మగ్గాల దగ్గర తెగిన జరీ ముక్కలు పిడికెడు దొరికితే ఏళ్ళకు సరిపోతాయి.

తోక దగ్గరే 10 సెం.మీ. సన్న రాగితీగ ఒకటి కట్టి వదలండి; మోటార్ వైండింగ్ షాపులో చిత్తుగా పడేసే సన్నపాటిది చాలు. ఒంటికి ఆకుపచ్చ ఉన్ని నూలు కంటి వెనక 3 మి.మీ. దాకా చుట్టి దారంతో బిగించండి. పుంజు వీపు ఈకను మొదలు వైపు కంటి దగ్గర కట్టి, వెనక్కి 5 చుట్లు తిప్పండి. ఇప్పుడు ఆ రాగితీగను ఈక చుట్లకు ఎదురు దిక్కులో ముందుకు తిప్పితే ఈక కాడ దాని కింద చిక్కుకుంటుంది, చేప పళ్ళకు తెగదు. తల మీద దారంతో ముడి, పైన రంగులేని గోళ్ళ రంగు ఒక చుక్క. ఆ చుక్క కంట్లోకి జారకుండా చూడండి, రేపు నీళ్ళ దగ్గర దారం దూరదు.

కొత్తగా కట్టేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు కంటి దగ్గర జాగా వదలకపోవడం, రెండోది ఈకలు మరీ ఎక్కువ పెట్టడం. పలచగా ఉన్నదే నీళ్ళలో ఊపిరి ఉన్నట్టు కదులుతుంది. నెమలి ఈక చాలా పాఠాల్లో కనిపిస్తుంది. నెమలి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత పక్షి, దాని జోలి వద్దు. ఉన్ని, కోడి ఈక, మేక బొచ్చుతో మనకు కావలసినవన్నీ కట్టుకోవచ్చు.

గుంజడం, పట్టడం, వదలడం

ఫ్లై పడగానే లైన్‌ను రాడ్ పట్టిన చేతి చూపుడువేలి కిందికి తెచ్చి, రాడ్ కొసను నీటికి ఆనించండి. కొస అడుగు ఎత్తున ఉన్నా ఆ మేరకు లైన్ వేలాడి, చేప తాకింది తెలియదు. వేలి వెనక నుంచి ఎడమచేత్తో గుంజుతూ ఫ్లైని నడపాలి. చేప పడితే రాడ్ ఎత్తకండి. ట్రౌట్ పాఠం చెప్పేది ఎత్తమనే, కానీ మన కొర్రమీను, వాలుగ నోళ్ళు గట్టివి, రాడ్ వంగి ఆ లాగుడును తినేస్తుంది. రాడ్ నేరుగా ఉంచి ఎడమచేత్తో మూరెడు బలంగా గుంజండి. మొన దిగాకే రాడ్ లేపండి. తప్పితే ఫ్లై ఇంకా చేప ముందే ఉంటుంది, రెండోసారి వస్తుంది. నింఫ్‌తో తిలాపియా, పరిగెలకు మాత్రం రాడ్‌ను కొంచెం ఎత్తితే చాలు.

చేపను తుంగలోకి పోనివ్వకుండా రాడ్‌ను పక్కకు వంచి లాగండి. గుంజిన లైన్ కాళ్ళ దగ్గర కంపలో చిక్కుకుంటుంది. నడుముకు కట్టుకున్న ప్లాస్టిక్ బుట్టలో వేసుకుంటే ఆ బాధ లేదు. చేపను తడిచేత్తో పట్టండి. జెల్ల, మార్పు రెక్కల ముళ్ళు గుచ్చుకుంటే గంటల తరబడి సలుపుతుంది, వాటిని పటకారుతో హుక్ తిప్పి నీళ్ళలోనే వదలండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి పెట్టాలి. వాపు ఎక్కితే ఆసుపత్రికి.

ఇంటికి వచ్చాక గోరువెచ్చటి నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో లైన్ తుడవండి. గుడ్డ మీద ఎర్రగా దిగేదంతా రింగులను కోసే దుమ్మే. ఫ్లైలను పెట్టెలో మూసే ముందు నీడన ఆరబెట్టండి, తడిగా మూస్తే మర్నాటికి హుక్ తుప్పు పడుతుంది. రీల్‌ను ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి. లైన్ చుట్ట మీదే అతుక్కుని మళ్ళీ సాగదు.